ఏలూరు అని వెతికితే ఏలూరు దొరకదు

ఇవాళ ఎపిసోడ్‌లో యుద్ధాలేం లేవు. నిధులు, రహస్యాలు కూడా లేవు. ఒక తొమ్మిదో క్లాసు అమ్మాయి ప్రాజెక్ట్ ఫైల్ ఉంది, దాని మీద ఎర్ర పెన్నుతో పెట్టిన ప్రశ్న ఒకటి ఉంది. ఆ ప్రశ్న పట్టుకుని మేమిద్దరం మూడు వారాలు తిరిగాం. కొంత ఫోన్లో, కొంత కొల్లేరు గట్ల మీద. మీ ఇంట్లో స్కూలుకెళ్లే తమ్ముడో చెల్లెలో ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని వినండి, పనికొస్తుంది.

విషయం ఏంటంటే, మా అక్కని కైకలూరు వైపు ఒక లంక ఊళ్లో ఇచ్చారు. వాళ్లమ్మాయి, అంటే మా మేనకోడలు, ఏలూరులో మా ఇంట్లో ఉండి చదువుకుంటోంది. వాళ్ల సోషల్ మాస్టారు ఒక ప్రాజెక్ట్ ఇచ్చారు. మీ ఊరి గురించి పది పేజీలు రాయాలి, ఎక్కడి నుంచి తీసుకున్నారో కూడా రాయాలి. ఇది కొల్లేరు తీసుకుంది. వాళ్ల ఊరు అదే కదా. ఒక ఆదివారం పొద్దున్న కూర్చుని మధ్యాహ్నానికల్లా పది పేజీలు దించేసింది. చార్టు మీద కొంగ బొమ్మ కూడా వేసింది.

వారం తర్వాత ఫైల్ వెనక్కొచ్చింది. మొదటి పేజీలో ప్రతి పేరా పక్కనా ఎర్ర పెన్నుతో ఒకటే మాట: ఎవరన్నారు?

"మావయ్యా, మా క్లాసులో కొల్లేరు తీసుకున్న వాళ్లందరి మొదటి పేజీ ఒకటేనంట. అందరికీ ఇదే రాశారు సారు" అంది. ఏడుపు మొహం పెట్టింది గానీ, నాకు లోపల నవ్వొచ్చింది. ఎందుకంటే నేను అదే వయసులో సరిగ్గా అదే పని చేశాను. నెట్ సెంటర్‌కెళ్లి, గంటకి ఇంత అని కట్టి, మొదట కనిపించిన పేజీని ప్రింట్ తీయించి, దాన్నే చేత్తో ఎక్కించాను. నాకు బహుమతి కూడా వచ్చింది. అందులో ఏం రాశానో మాత్రం ఇవాళ్టికీ గుర్తులేదు, ఎందుకంటే నేనది చదవలేదు. అప్పటికి మా నాయనమ్మ బతికే ఉంది. ఏలూరు గురించి ఆవిడని ఒక్క మాట అడగాలని నాకు తట్టలేదు.

తర్వాత బీటెక్ చేశాను, కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. అక్కడ నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఒకటుంది. సెర్చ్ ఇంజిన్‌కి చరిత్ర తెలియదు, దానికి తెలిసినవి అక్షరాలు. మీరు కొట్టిన అక్షరాలకి దగ్గరగా ఉన్నవాటిని, ఎక్కువమంది చూసినవాటిని ముందు పెడుతుంది. ఏలూరు అని కొడితే ఇవాళ ఏలూరు అని రాసినవే వస్తాయి. హోటళ్లు, రైళ్ల టైములు, నిన్నటి వార్తలు. నూట యాభై ఏళ్ల కిందట మన ఊరి పేరుని వేరే అక్షరాలతో రాసినవాళ్ల పుస్తకం అందులోకి రాదు. అది నెట్‌లోనే ఉంటుంది, ఉచితంగానే ఉంటుంది. మీరు పిలిచిన పేరుకి పలకదు, అంతే.

కాబట్టి మొదటి పని, మన ఊరిని ఎవరెవరు ఏ పేరుతో పిలిచారో తెలుసుకోవడం. బ్రిటిష్ వాళ్ల కాగితాల్లో మన ఏలూరు ఎల్లోర్. ఇ, ఎల్, ఎల్, ఓ, ఆర్, ఇ. ఇలా కొడితే ఫోన్ పెద్దమనిషిలాగా, మీరడిగేది ఎల్లోరా గుహల గురించేనా అంటుంది. కాదు అని చెప్పి ముందుకెళ్లాలి. కొల్లేరు వాళ్లకి కొలైర్. దాన్ని సి తోనూ రాశారు, కె తోనూ రాశారు, ఎల్ ఒకటి పెట్టినవాళ్లున్నారు, రెండు పెట్టినవాళ్లున్నారు. కృష్ణా జిల్లా అంటే కిస్ట్నా. బెజవాడ, మసులీపట్నం, కోకనాడ, ఇవన్నీ మీకు తెలిసినవే. ఒక కాగితం తీసుకుని మీ ఊరి పాత స్పెల్లింగులన్నీ ఒక పక్కన రాసుకోండి. నా లెక్కలో ప్రాజెక్ట్‌లో సగం పని అదే.

ఎల్లోర్ అని కొట్టాక మాకేం దొరికిందో చెప్తాను. ఎపిగ్రాఫియా ఇండికా అని పాత శాసనాలు అచ్చువేసే సంపుటాలున్నాయి. వాటిలో తొమ్మిదో సంపుటంలో హుల్ట్‌ష్ అనే జర్మన్ పండితుడు ఒక రాగిరేకుల శాసనాన్ని ప్రచురించాడు. దాని పేరే ఎల్లోర్ శాసనం. శాలంకాయన రాజు దేవవర్మది, ప్రాకృత భాషలో ఉంది. శాలంకాయనులంటే సుమారు నాలుగు, అయిదు శతాబ్దాల్లో మన ప్రాంతాన్ని ఏలినవాళ్లు. వాళ్ల రాజధాని వేంగీపురం, అంటే ఇప్పుడు మన ఏలూరుకి ఉత్తరాన ఉన్న పెదవేగి. ఆ వేంగీపురం నుంచి రాజు ఒక ఆజ్ఞ పంపాడు. ఎవరికి పంపాడు? ఏలూరు గ్రామస్థులకి!

నేను ఆ లైన్ చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. పవర్‌పేట స్టేషన్ పక్కన పుట్టి పెరిగినవాణ్ణి. మా ఊరికి ఇంత వయసుందని నాకెవరూ చెప్పలేదు. ఇంకో విచిత్రం చూడండి. పదిహేను వందల ఏళ్ల నాటి ఆ రాగిరేకు మీద మన ఊరి పేరు ఇప్పుడు మనం పలికేదానికి దగ్గరగానే ఉంది. మధ్యలో వచ్చిన ఇంగ్లీషు వాళ్లు ఎల్లోర్ చేశారు. ఆ శాసనానికి కూడా వాళ్ల స్పెల్లింగే అంటుకుంది. అందుకే మన పిల్లలు ఏలూరు అని వెతికితే ఏలూరు పేరున్న శాసనమే దొరకదు.

కొల్లేరుదీ ఇదే కథ. సర్ వాల్టర్ ఇలియట్ అని మద్రాసు ప్రభుత్వంలో అధికారి ఉండేవాడు. 1845 నుంచి 1854 దాకా ఉత్తర సర్కారులకి కమిషనర్‌గా చేశాడు. అమరావతి శిల్పాల్ని తవ్వించి మద్రాసు చేర్చింది కూడా ఈయనే. కొల్లేట్లో దొరికిన రాగిరేకులు ఆయన చేతికొచ్చాయి. అవి శాలంకాయన నందివర్మవి. తర్వాత ఫ్లీట్ అనే పండితుడు వాటిని 1876లో ఇండియన్ ఆంటిక్వెరీ అనే పత్రికలో అచ్చువేశాడు. చరిత్రకారులు ఇప్పటికీ వాటిని కొల్లైర్ రేకులనే అంటారు. మా మేనకోడలు అది చూసి, "అంటే మా చెరువులో శాసనం దొరికిందా? మా తాతకి తెలుసా ఇది?" అంది. ఆ తాత సంగతికి తర్వాత వద్దాం.

పేర్ల తర్వాత రెండో చిక్కు జిల్లాలు. ఇది చాలామంది పట్టించుకోరండి. 1859లో జిల్లాలు మార్చి కట్టినప్పుడు ఏలూరు గోదావరి జిల్లాలోకి వెళ్లింది. 1904లో గోదావరి నుంచి తీసి కృష్ణాలో కలిపారు. 1925లో కృష్ణాని చీల్చి పశ్చిమ గోదావరి చేసినప్పుడు ఏలూరు దానికి కేంద్రం అయింది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా వచ్చింది. కైకలూరు వైపు ఊళ్లు అప్పటిదాకా కృష్ణా జిల్లాలో ఉండి, ఆరోజు నుంచి ఏలూరు జిల్లా అయ్యాయి. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది, దానికి కేంద్రం భీమవరం అయింది.

దీనివల్ల మనకేంటి అంటారా? పుస్తకం ఎంచుకోవడంలో తేడా వస్తుంది. 1878లో హెన్రీ మోరిస్ గోదావరి జిల్లా మీద ఒక పుస్తకం రాశాడు, ఏలూరు అందులో ఉండాలి. 1883లో గోర్డన్ మెకంజీ కిస్ట్నా జిల్లా మాన్యువల్ రాశాడు, అప్పటికి ఏలూరు ఆ జిల్లాలో లేదు. 1907లో హెమింగ్‌వే గోదావరి గెజిటీర్ రాసే నాటికి ఏలూరు గోదావరిలో లేదు. పుస్తకం చేతిలో పెట్టుకుని, మా ఊరి గురించి ఏమీ లేదని మూసేసిన పిల్లలు ఎంతమందో. ఏ సంవత్సరంలో మీ ఊరు ఏ జిల్లానో చూసుకుని ఆ జిల్లా పుస్తకమే తెరవండి.

సరే, ఈ పుస్తకాలన్నీ మన ఫోన్లోకి ఎలా వచ్చాయి? ఇది కూడా చరిత్రే, పైగా ఇందులో మనవాళ్లున్నారు. రాజ్ రెడ్డి గారి పేరు వినే ఉంటారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పనిచేసి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న శాస్త్రవేత్త. 2000ల మొదట్లో పది లక్షల పుస్తకాల్ని స్కాన్ చేసి అందరికీ ఉచితంగా ఇద్దామని ఒక ప్రాజెక్ట్ మొదలైంది, ఆయన దాన్ని ముందుండి నడిపించారు. ఇండియాలో దాన్నే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అన్నారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో బాలకృష్ణన్ గారు చూసుకున్నారు, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఒక పెద్ద స్కానింగ్ కేంద్రంగా పనిచేసింది. 2007 నాటికి ప్రపంచం మొత్తం మీద స్కాన్ అయిన పుస్తకాలు పదిహేను లక్షలు దాటాయి. ఆ తెలుగు పుస్తకాల్లో చాలావాటి కాపీలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి.

అయితే అన్ని లక్షల పుస్తకాల పేర్లు టైపు చేసేటప్పుడు తప్పులు పడకుండా ఉంటాయా? తెలుగు పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. ఉదాహరణకి చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము. ఆయన మన తణుకు దగ్గర రేలంగిలో పుట్టినవారే, ఆ పుస్తకం మొదటి భాగం 1910లో వచ్చింది. అందులో ఆ చరిత్రము అనే మాటలోని 'చ'కి ఒకరు సి, హెచ్ కొడతారు, ఇంకొకరు ఒక్క సి తో సరిపెడతారు. చివర 'ము' ఒకరు ఉంచుతారు, ఒకరు తీసేస్తారు. రచయిత పేరులో వీరకి ఒకరు రెండు ఇ లు పెడతారు, ఒకరు ఒక ఐ తో వదిలేస్తారు. కాబట్టి ఒకసారి వెతికి దొరకలేదని వదలకండి, నాలుగు రకాలుగా కొట్టి చూడండి. ఇంగ్లీషు పుస్తకాలకైతే, పేరులో వెతకకుండా పుస్తకం లోపలి మాటల్లో వెతికే ఆప్షన్ ఉంటుంది. అక్కడ ఎల్లోర్ అనో కొలైర్ అనో కొట్టండి. పాత తెలుగు అచ్చుని మెషీన్ ఇంకా అంత బాగా చదవలేదు, అక్కడ మాత్రం మన కళ్లే దిక్కు. విషయసూచిక తెరిచి పేజీలు తిప్పాల్సిందే.

పాత తెలుగు పత్రికలు కావాలంటే ప్రెస్ అకాడమీ వాళ్లు స్కాన్ చేసి పెట్టిన భాండాగారం ఉంది. 1902లో బందరులో పుట్టిన కృష్ణా పత్రిక, 1908లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు గారు మొదలుపెట్టిన ఆంధ్ర పత్రిక లాంటివి అందులో ఉంటాయి. ఇక తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాన్ని కాపీ కొట్టకండి, కానీ వదిలేయకండి కూడా. పేజీ అడుగుకి వెళ్తే మూలాలు అని ఒక భాగం ఉంటుంది. పైన ఉన్న పేరాకి ఎవరన్నారు అనే ప్రశ్నకి జవాబు అక్కడుంటుంది. లేదనుకోండి, ఆ పేరాని అనుమానించండి.

మా బాబాయి కొడుకు ఎనిమిదో క్లాసు, తాడేపల్లిగూడెంలో ఉంటాడు. ఇవన్నీ విని, "మీకంటే ఏలూరు ఉంది, కొల్లేరు ఉంది. మా గూడెంలో ఏముందన్నయ్యా చరిత్ర?" అన్నాడు. నేనేమీ చెప్పలేదు. ఫోన్లో మ్యాప్ తెరిచి శాటిలైట్ వ్యూ పెట్టమన్నాను. ఊరి దగ్గర ఇళ్ల మధ్య, పొలాల మధ్య స్కేలు పెట్టి గీసినట్టు ఒక తిన్నని గీత ఉంటుంది. "అది రన్‌వే కదా అన్నయ్యా, మేం అక్కడ ఆడుకుంటాం" అన్నాడు. ఆ రన్‌వే రెండో ప్రపంచ యుద్ధం నాటిది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. యుద్ధం మన తీరానికి అంత దగ్గరకొచ్చింది. వాడు రోజూ సైకిల్ తొక్కే సిమెంటు నేల ఆ యుద్ధంలో ముక్క. ఇప్పుడు వాడు కోకనాడ, విజగపటం అని పాత స్పెల్లింగులు కొట్టి 1942 సంగతులు వెతుక్కుంటున్నాడు. ఏముంది చరిత్ర అన్నవాడు రోజూ ఫోన్ చేసి నన్ను చంపుతున్నాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ మధ్య పిల్లలందరూ ఏఐని అడిగేస్తున్నారు. మా అమ్మాయి కూడా అడిగింది. కొల్లేరు చరిత్ర మీద అయిదు పుస్తకాలు చెప్పమంది. టకటకా అయిదూ ఇచ్చింది, రచయితల పేర్లతో, సంవత్సరాలతో. అవి వెతుకుతూ ఒక సాయంత్రమంతా పోయింది. రెండు ఉన్నాయి. మిగతా మూడు నేను ఎక్కడ వెతికినా దొరకలేదు. దాన్ని వాడొద్దని నేననను, నేనూ వాడతాను. పాత స్పెల్లింగులు గుర్తు చేయమనో, ఇంగ్లీషు పేరా అర్థం చెప్పమనో అడగండి. కానీ అది చెప్పిన పుస్తకాన్ని మీ కళ్లతో తెరిచి, ఆ పేజీ చదివాకే ఫైల్లో రాయండి. తెరవని పుస్తకం పేరు రాయడం చూడని సినిమాకి రివ్యూ రాయడం లాంటిదే.

అలాగని పాత పుస్తకంలో ఉంటే నిజమైపోతుందా? కాదు. కొల్లేటికోట తెలుసు కదా, పెద్దింట్లమ్మ గుడి ఉన్న ఊరు. అక్కడ ఒక కథ ఉంది. గజపతుల కోట ఆ లంక మీద ఉండేదట. శత్రు సైన్యం ఒడ్డున చిగురుకోట దగ్గర దిగింది. చుట్టూ నీళ్లు, కోటకి వెళ్లలేరు. కొల్లేటి నీళ్లు సముద్రంలోకి వదిలేద్దామని కాలువ తవ్వడం మొదలుపెట్టారు, అదే ఇప్పటి ఉప్పుటేరు అంటారు. గజపతుల సేనాని గెలుపు కోసం తన కన్నకూతుర్నే బలిచ్చాడట, అందుకని దానికి పేరంటాల కనమ అని పేరొచ్చిందట. ఈ కథ పాత ఇంగ్లీషు రాతల్లో ఉంది, ఇవాళ్టి వెబ్‌సైట్లలోనూ ఉంది. మా అమ్మాయి మొదటి ఫైల్లో ఇది జరిగింది అని రాసింది. రెండో ఫైల్లో ఇలా మార్చింది: ఈ కథని మా ఊళ్లలో చెప్పుకుంటారు, దొరలు విని రాసుకున్నారు, దీనికి శాసనం ఏదీ మాకు కనపడలేదు. చూశారా, కథ అబద్ధం అని కొట్టెయ్యలేదు. ఎవరన్నారో చెప్పింది, అంతే. చరిత్ర రాయడమంటే సగం ఇదే.

అంకెల్లో కూడా ఇంతే. కొల్లేరు ఎంత పెద్దది? ఒక సైట్‌లో 308 చదరపు కిలోమీటర్లు, ఇంకోదాన్లో 901. పిల్లలు ఏదో ఒకటి రాసేస్తారు. ఎవరన్నారు అని అడగండి, చిక్కుముడి విడిపోతుంది. 308 అన్నది అభయారణ్యం లెక్క. 1999 అక్టోబరులో జీవో 120తో +5 కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. కాంటూరు అంటే సముద్ర మట్టం నుంచి కొలిచే ఎత్తు గీత. 901 అన్నది రామ్‌సర్ లెక్క. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేర్చినప్పటిది, +10 వరకు. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు నీళ్లు తెచ్చి పోస్తుంటే కొల్లేరు ఉబ్బుతుంది, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంటే తగ్గుతుంది. ఎత్తుని బట్టి సైజు మారే సరస్సుకి ఒక్క అంకె ఎలా ఉంటుంది?

ఇప్పుడు తాత దగ్గరకొద్దాం. మా బావ వాళ్ల నాన్నగారు. పుట్టింది లంకలోనే, దోనె మీద తిరిగి చేపలు పట్టిన మనిషి. మా అమ్మాయి నెట్‌లో చదివిన ప్రతి చోటా ఒకటే మాట చూసింది, ఆక్రమణదారులు. చేపల చెరువుల వాళ్లు కొల్లేరుని ఆక్రమించారు, పక్షులు పోయాయి, 2006లో ఆపరేషన్ కొల్లేరుతో చెరువులు తీసేశారు. అది ఆ మాట మీదే ఆగిపోయింది. "మావయ్యా, మాదీ చెరువు ఉండేదంట కదా. అంటే తాత దొంగా?" అని అడిగింది.

నాకేం చెప్పాలో తెలియలేదు. ఆ 2006లో నేను చిన్నపిల్లాణ్ణి. పొక్లెయిన్లు గట్లు పగలగొడుతున్నాయని ఇంట్లో పెద్దాళ్లు మాట్లాడుకోవడం, అక్క పెళ్లికి ముందు ఆ ఊరి సంబంధం అనగానే అమ్మ ఆ విషయమే అడగడం గుర్తున్నాయి. అందుకే శనివారం దాన్ని తీసుకుని ఊరెళ్లాను. ఫోన్ రికార్డింగ్ పెట్టి తాతగారి ముందు కూర్చోబెట్టాను. ముందు పర్మిషన్ అడగమన్నాను, అడిగింది. ఆయన నవ్వి, "అడగవే, నా దగ్గర దాచేదేముంది" అన్నారు.

ఆయన చెప్పింది ఇది. వరదొస్తే పంట పోయేది, ఎండాకాలం చేప దొరికేది కాదు. అప్పుడు సర్కారు వాళ్లే వచ్చి సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించి ఇచ్చారు. తర్వాత్తర్వాత డబ్బున్నోళ్లు దిగారు. లీజులని, అదని, ఇదని పెద్ద పెద్ద గట్లు లేచాయి. ఆఖరికి పగలగొట్టినప్పుడు పెద్దదీ పోయింది, చిన్నదీ పోయింది. "మా చెరువు పగలగొట్టినరోజు నేను అన్నం తినలేదు. కానీ ఆ తర్వాత గూడబాతులు మళ్లీ దగ్గరకొచ్చాయి, అదీ అబద్ధం కాదు" అన్నారు.

మా అమ్మాయి ఇంటికొచ్చి ఏం చేసిందో తెలుసా? తాత మాట పక్కన కూడా ఎర్ర పెన్నుతో ఎవరన్నారు అని రాసుకుంది. తాతైతే మాత్రం ఆధారం అడగకూడదా? వెతికాం. కొల్లేరు మీద వచ్చిన కమిటీ నివేదికల్లో దొరికింది. 1976 ప్రాంతంలో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి, చెరువులు తవ్వించి ఇచ్చింది. తాత చెప్పింది నిజం. 2004లో కరెంట్ సైన్స్ పత్రికలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు ఉపగ్రహ చిత్రాలు చూసి, కొల్లేరు మాయమైపోతోందని రాశారు. అదీ నిజం. సుప్రీంకోర్టు కమిటీ సిఫార్సుల తర్వాత 2006లో గట్లు పగలగొట్టారు. 2008లో అభయారణ్యాన్ని +3 కాంటూరుకి తగ్గించమని మన అసెంబ్లీ తీర్మానం చేసింది. ఇవన్నీ ఒక వరసలో పెడితే ఆక్రమణదారులు అనే ఒక్క మాటలో పట్టని కథ కనిపిస్తుంది.

ఆఖర్న గూగుల్ ఎర్త్‌లో టైమ్‌లాప్స్ తెరిచాం. 1984 నుంచి ఏడాదికొక ఉపగ్రహ చిత్రం వరసగా కదులుతుంది. పచ్చటి కొల్లేరు మీద చెక్స్ చొక్కాలాగా గడులు గడులుగా చెరువులు పరుచుకుంటూ వస్తాయి. తాతగారికి వీడియో కాల్లో చూపించింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంత ఎత్తు నుంచి చూస్తే మనుషులు కనపడరే" అన్నారు. మా అమ్మాయి ఆ మాటని ఫైల్లో రాసుకుంది. కింద తాత పేరు, ఊరు, మాట్లాడిన తేదీ వేసింది. అదొక ఆధారం.

1935లో పాతూరి నాగభూషణం గారని ఒకాయన కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. పడవ ఆగినచోట జనం వచ్చి పుస్తకం తీసుకునేవాళ్లు. ఇవాళ ఆ పడవ మన జేబులో ఉంది. దాన్లో ఏ పుస్తకం ఏ పేరుతో ఉందో పిల్లలకి చూపించడం మన పని. పాత స్పెల్లింగ్ రాయించండి, అప్పటి జిల్లా చూపించండి, మూలాలు తెరిపించండి, అంకె పక్కన ఎవరన్నారో రాయించండి. ఇవన్నీ అయ్యాక ఫోన్ ఆపి ఇంట్లో ముసలాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. పుస్తకం స్కాన్ కాకపోతే రేపు ఎవరో ఒకరు చేస్తారు. మనిషిని మాత్రం రేపు అడుగుదాం అనుకుంటే కుదరదు. మా నాయనమ్మ సంగతి చెప్పాను కదా.

ఫైల్ మళ్లీ సారుకిచ్చింది. ఈసారి పది పేజీలు కాదు, ఏడే వచ్చాయి. ఎర్ర గుర్తు ఒకటే ఉంది, తాత చెప్పిన మాట కింద గీత గీసి ఉంది. పక్కన ప్రశ్న లేదు.

మీ ఊరి పాత స్పెల్లింగ్ ఏంటో కామెంట్లో రాయండి, తర్వాతి ఎపిసోడ్‌లో కొన్ని తీసుకుని కలిసి వెతుకుదాం. ఉంటానండి.